నూరు సాళ్ళు

1వ రోజు

సంపు మట్టం నాలుగు మీటర్ల ఇరవై. పంపులు మూడూ నడుస్తున్నాయి.

ఇవాళ్టి నుంచి ఈ రిజిస్టరు వెనక పేజీలు మేనత్త పెట్టెకు. ముందు పేజీలు పంపులవి. అవి ఎప్పటిలాగే రాస్తాను.

పెట్టె బీరువాలో సగమంత ఉంటుంది. ఇద్దరు మనుషులు లిఫ్టులో గని ఏడో లెవెల్‌కు దించి, మా ముందు గదిలో పెట్టిపోయారు. లోపలి గదిలో పట్టలేదు. మేం అన్నం తినేదీ ముందు గదిలోనే కాబట్టి ఇక అత్త కుర్చీ, పెట్టె, మా కంచాలు అన్నీ ఒకచోటే. పెట్టె ఒక్కసారి నడవడానికి నూట ముప్ఫై లీటర్ల నీళ్ళు కావాలి. సంపు నీళ్ళలో ఉప్పు ఎక్కువ. వడపోత గొట్టాలు రెండు బదులు మూడు బిగించాను.

అత్త పేరు కొమురవ్వ. డెబ్బై ఒకటో ఏడు. కిడ్నీలు రెండూ పని మానేసి ఏడాదిన్నర. ఇన్నాళ్ళూ రోజు విడిచి రోజు రక్తం కడిగించడానికి పై కేంద్రానికి తీసుకుపోతున్నాను. పోయిన నెల లిఫ్టు దిగి కేంద్రానికి నడిచే మూడు వందల మీటర్లలో, తడిగుడ్డల పందిరి కింద, నా చేతిలోనే పడిపోయింది. ఎండ నేరుగా తగలకపోయినా పడిపోయింది. అందుకే ఈ పెట్టె.

నేర్పడానికి కేంద్రం నుంచి రూతమ్మ సిస్టర్ వచ్చింది. సూదులు గుచ్చడం నా వంతు. అత్త ఎడమ మోచేతి కింద, ఆపరేషను చేసి కలిపిన నరం మీద వేలు పెడితే లోపల సన్నగా అదురుతుంది. పంపు బేరింగు మీద చెయ్యి పెట్టినప్పటి అదురే. అది నాకు తెలిసిన అదురు కాబట్టి సూది మొదటిసారే దిగింది.

"ఇరవై ఒక్క రోజులు సూడు ఓదేలన్నా. ఇంట్ల పడ్తదా పడదా అన్నది గప్పుడు జెప్పు. పడ్తదని సంతకం వెడితే పైన మీ సీటు ఇంకొకలకు ఇస్తరు. మల్ల దొర్కది" అంది రూతమ్మ.

"వెట్టకుంటే?"

"పెట్టె వాపసు తీస్కపోతరు. ఇరవై ఐదో రోజు సంది మండుడు రోజులు గదా, అరవై రోజులు లిఫ్టు బందు. అవ్వ పైన వార్డుల ఉండాలె. ఎంబడి ఎవ్వల్ని ఉండనియ్యరు."

పోయినేడు మా లెవెల్ నుంచి వార్డుకు పోయినవాళ్ళు పద్నాలుగు మంది. తిరిగి దిగినవాళ్ళు తొమ్మిది మంది. ఆ లెక్క నా ముందు పేజీల్లోనే ఉంది, లిఫ్టు ఎక్కిన దిగిన తలలు కూడా నేనే రాస్తాను కాబట్టి.

పెట్టె మొదలు ఎనిమిది. ఆపు పన్నెండు. రెండు వందల నలభై నిమిషాలు. అత్త బరువు ముందు నలభై ఎనిమిది కిలోల తొమ్మిది వందలు, తరువాత నలభై ఆరు. నలభై ఆరే ఉండవలసింది.

నా షిఫ్టు పన్నెండున్నరకు. పదకొండింటికి అత్త పక్కనే తిన్నాను. చేతికి సూదులున్నా అత్త నోరు ఆగదు.

"స్వరూపా, వానికి ఇంకింత వెట్టు. వాడు అడుగడు."

నా భార్య గరిటె ఎత్తింది. "సాలు" అన్నాను.

"ఏంది సాలు! రెండు మెతుకులు తిని సాలట. వెట్టే నువ్వు."

"సాలు."

"ఈ ఇంట్ల ఈయన మాట్లాడే మాట గదొక్కటే అత్తమ్మా" అంది స్వరూప, గరిటెడు వేసేస్తూ.

3వ రోజు

మట్టం నాలుగు పదిహేను. పెట్టె రెండు వందల నలభై నిమిషాలు. బరువు తరువాత నలభై ఆరు.

వరసలో నాలుగో ఇల్లు గట్టయ్యది. ఒంటరివాడు, ఆరు నెలల నుంచి అతనికీ ఇంట్లో పెట్టె ఉంది. తెచ్చుకొమ్మని మాకు చెప్పింది ఆయనే. అత్తదీ ఆయనదీ ఒకే రోజులు, ఒకే వేళ. అందుకని మొన్నటిలాగే ఇవాళా ఇంటి ఫోను స్పీకరు పెట్టుకుని నాలుగు గంటలూ ఇద్దరూ మాట్లాడుకున్నారు.

"అక్కా, నీ పెట్టె ఏం గుర్రు వెడ్తుందే? నాది జూడు, పాట వాడినట్టుంటది."

"నువ్వే ఓ గుర్రు మనిషివి తమ్మీ. ఇగ నీ పెట్టెకు అడ్డేంది?"

"సాల్తియ్ అక్కా, సాల్తియ్!"

గట్టయ్య ప్రతి మాటకూ సాల్తియ్ అంటాడు, ఇక సాలు తియ్ అని. మెచ్చుకున్నా అంతే, తిట్టినా అంతే. అత్త ఇంతగా నవ్వడం ఏడాదిన్నరలో నేను చూడలేదు. ఇంట్లో పెట్టె పడుతుందనే అనిపిస్తున్నది.

చివరి గంటలో అత్తకు మగత వచ్చింది. కళ్ళు మూసుకుని పెదాలు కదిలిస్తుంది. చెవి పెట్టి విన్నాను. "ఇగో ఈ సాలు అయిపోయె. ఇంకో సాలు." చేను దున్నుకుంటున్నది. గని తవ్వకముందు వాళ్ళకు మూడెకరాలుండేది. ఆ చేను ఉన్నచోటే ఇప్పుడు మూడో లెవెల్ గాలి గొట్టం. నొప్పి తెలియకుండా ఒక్కొక్క సాలు దున్నుకుంటూ గడుపుతానని అత్తే చెప్పింది.

5వ రోజు

మట్టం నాలుగు పదిహేను. పెట్టె రెండు వందల ముప్ఫై ఏడు నిమిషాలు. తెర మీద మాత్రం "పూర్తి" అని వచ్చింది. నా గడియారం తప్పేమో, పంపుల గది గడియారంతో సరిచూడాలి. బరువు తరువాత నలభై ఆరు కిలోల వంద గ్రాములు.

ఇవాళ గట్టయ్య పెట్టె మొదలు కాలేదట. "మొరాయించిందక్కా, మొగుని మీద అలిగిన పెండ్లం తీర్గ" అన్నాడు ఫోనులో.

6వ రోజు

గడియారం తప్పు లేదు.

గట్టయ్య పెట్టె చూసి వచ్చాను. వడపోత గొట్టాలు శుభ్రంగా ఉన్నాయి, కరెంటు ఉంది, నీళ్ళు వస్తున్నాయి. మీట నొక్కితే తెర వెలుగుతుంది. "గట్టయ్య గారికి ధన్యవాదాలు" అని ఉంది. అంతకుమించి ఏమీ లేదు. నొక్కిన ప్రతిసారీ అదే.

కేంద్రానికి ఫోను చేశాం. "మీ విషయం నమోదయింది" అంది గొంతు. మనిషి గొంతో కాదో తెలియలేదు.

"నమోదయిందంటే మనిషి అస్తడన్నట్టే" అన్నాడు గట్టయ్య. నేనూ అలాగే అనుకున్నాను.

7వ రోజు

మట్టం నాలుగు ఇరవై. పెట్టె రెండు వందల ముప్ఫై ఒకటి. తెర "పూర్తి" అంది. బరువు తరువాత నలభై ఆరు కిలోల మూడు వందలు.

గట్టయ్య దగ్గరికి ఎవరూ రాలేదు. మళ్ళీ ఫోను చేశాను. నమోదయింది అన్నారు.

8వ రోజు

గట్టయ్య మొహం ఉబ్బింది. చక్రాల కుర్చీలో కూర్చునే మా గుమ్మం దాకా తోసుకుంటూ వచ్చాడు. చక్రం కీచుమంటున్నది.

"ఓదేలూ, పంపుల కాడ గ్రీజుంటది గదా, ఓ డబ్బి వట్టుకరా బిడ్డా. ఈ సప్పుడుకు వరసంత లేస్తుంది."

"రేపు తెస్త మామా. పైకి ఎక్కుదామా?"

"నా సీటు తీసేసినంక పైన ఎవలు గూసోవెడ్తరు? మనిషి అస్తడు తియ్. నువ్వు గ్రీజు మర్వకు."

9వ రోజు

పెట్టె రెండు వందల ఇరవై నాలుగు. బరువు నలభై ఆరు ఆరు వందలు. అత్త పాదం మీద వేలు నొక్కితే గుంట పడి, అలాగే ఉంటున్నది.

షిఫ్టు అయ్యాక గ్రీజు డబ్బీ పట్టుకుని గట్టయ్య ఇంటికి పోయాను. కుర్చీలోనే ఉన్నాడు. పెట్టె వైపు తిరిగి, చెయ్యి మీట మీద పెట్టుకుని ఉన్నాడు. చెయ్యి చల్లగా ఉంది.

తెర వెలుగుతున్నది.

10వ రోజు

గట్టయ్యను దక్షిణం వైపు మూసిన సొరంగంలో పెట్టి వచ్చాం. కేంద్రం నుంచి కాగితం వచ్చింది. దాన్ని వరసలో చదవగలిగినవాణ్ణి అని నాకిచ్చారు. "శ్రీ గట్టయ్య గారు తమ ఇష్టప్రకారం చికిత్స చాలించుకున్నారు. వారి నిర్ణయాన్ని గౌరవిస్తున్నాం."

గ్రీజు అడిగిన మనిషి చాలించుకుంటాడా? ఆ మాట పైకి అనలేదు. ఇక్కడ రాస్తున్నాను.

11వ రోజు

మట్టం నాలుగు ఇరవై. పెట్టె రెండు వందల పదహారు. బరువు తరువాత నలభై ఏడు. తెర "పూర్తి" అంది.

అత్త పడుకోలేకపోతున్నది. ఒరిగితే ఆయాసం. కుర్చీలోనే కునుకు తీస్తున్నది. ఫోను వైపు చూసి, "గీ వేళకు మొత్తుకునేటోడు" అంది. ఆ తరువాత కళ్ళు మూసుకుని చేనులోకి పోయింది.

సంపులో మట్టం పెరుగుతుంటే పంపు తక్కువ నడుస్తున్నదని అర్థం. దానికి చదువు అక్కర్లేదు.

12వ రోజు

ఒక్కణ్ణే లిఫ్టెక్కి కేంద్రానికి పోయాను. రిజిస్టరు వెంట తీసుకుపోయి రూతమ్మకు నా నిమిషాలు చూపించాను. చాలాసేపు చూసింది. తలుపు దగ్గరగా వేసింది.

"నీకెవ్వలన్న జెప్పిండ్రా, నువ్వే రాసుకున్నవా?"

"నేనే రాసుకున్న. పెట్టె ఎందుకు తక్వ నడుస్తుంది?"

"అవ్వ అడిగిందని."

"మా అత్త అడుగలే."

రూతమ్మ చెప్పింది నాకు అర్థమైనంత రాస్తున్నాను. వెనుకట పేషెంట్లు వద్దంటున్నా వినకుండా పెట్టెలకు కట్టేసి ఉంచారట. పెద్ద గొడవ అయింది. అప్పుడు ఒక రూలు పెట్టారు. రోగి ఇష్టమే ముందు. పెట్టె వినాలి. ఎవరైనా చాలు అంటే లెక్కపెట్టాలి. మొదటి పది వదిలేసి, అక్కడి నుంచి ప్రతి రెండింటికీ, చివర ఒకటే మిగిలినా, ఒక నిమిషం తగ్గించాలి. నూరు అయితే ఆ మనిషి ఇక బతకడం చాలనుకుంటున్నాడని తీసుకుని, ధన్యవాదాలు చెప్పి ఆగిపోవాలి. కావాలి అంటే ఒకటి తీసివేయాలి. పైవాళ్ళు చాలు అని రాశారు. మా వాళ్ళు పలికే సాలు కూడా అదేనని రూతమ్మ లాంటి ఎవరో దయతలచి చేర్పించారు, మా ముసలివాళ్ళ మాట పెట్టెకు అందకపోతే అన్యాయమని.

"మంచికే వెట్టిండ్రు అన్నా" అంది.

"వినకుండ బందు వెట్టు."

"వినుడు బందైతే పెట్టె మొదలే గాదు. పైకి రాస్త. జవాబు మండుడు రోజులయినంక అస్తది."

"ఎన్నయినయి మా అత్తవి?"

కాగితం అచ్చు తీసి ఇచ్చింది. డెబ్బై. ఒక్కొక్క దానికి రోజు, గంట, నిమిషం. "గట్టయ్యది గూడ సూస్తవా?" అని అడిగింది. వద్దన్నాను. అయినా చెప్పింది. ఐదున్నర నెలల్లో ఇరవై. మిగిలిన ఎనభై చివరి రెండు వారాల్లో, ఎక్కువ భాగం ఆఖరు రెండు సార్లలోనే.

ఆఖరు రెండు సార్లు అంటే అత్తతో ఫోనులో నవ్విన రోజులు. చివరి రెండు వారాలంటే, మాకు పెట్టె వస్తున్నదని తెలిసి రోజూ ఎవరో ఒకరు ఆయన పెట్టె చూడటానికి పోయి ముచ్చట పెట్టిన రోజులు. నేనూ పోయాను.

13వ రోజు

మొదలు పెట్టేముందు పంపుల గదిలో కూర్చుని కాగితాన్ని రిజిస్టరుతో పోల్చాను.

చివరి గంటలో, మా అన్నాలయ్యాక వచ్చినవి ఇరవై తొమ్మిది. అవి అత్త దున్నిన సాళ్ళు.

స్వరూప మజ్జిగ పోస్తుంటే, దుప్పటి కప్పుతుంటే అత్త అన్నవి పది.

మొదటి రెండు రోజుల్లో, అత్త నవ్విన నిమిషాల్లో ఉన్నవి ఐదు. అవి ఫోనులో గట్టయ్యవి, స్పీకరులోంచి పెట్టెకు అందినన్ని.

మిగిలినవి ఇరవై ఆరు. అన్నీ పదకొండుకూ పదకొండుంపావుకూ మధ్య. ఆరు రోజులూ అదే వేళ. ఆ వేళకు అత్త మాట్లాడింది "ఇంకింత వెట్టు" అని.

పెట్టెకు గొంతు తేడా తెలియదు. ఇరవై ఆరూ నావి.

ఇవాళ పెట్టె రెండు వందల పది. నేను పంపుల గదిలో తిన్నాను. అత్తకూ స్వరూపకూ జరిగింది చెప్పాను, పెట్టె ఆగిన తరువాత, తెర ఆరిపోయాక. నావి ఇరవై ఆరు అని కూడా చెప్పాను.

అత్త నా వైపు చూసి, "అయితే తినకపోయినవా అప్పుడే, ఇంకింత" అంది.

స్వరూపకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

14వ రోజు

అన్నాల దగ్గర అత్తకు కొత్త మాట నేర్పాలని చూశాం. "బస్ అను అత్తమ్మా" అంది స్వరూప. అదీ పెట్టెకు తెలుసేమో అన్నాను. "కడ్పు నిండింది అను."

"నిండకముందే నిండిందని ఎట్లంట?"

"మరి తిను."

"సా..." అని నోరు మూసుకుంది. చేత్తో కంచం కప్పింది. డెబ్బై ఏళ్ళు నోట్లో ఉన్న మాట.

15వ రోజు

మట్టం నాలుగు ఇరవై ఐదు. లెక్క డెబ్బై రెండు దగ్గర మొదలు. పెట్టె రెండు వందల తొమ్మిది.

అత్త ఇవాళ ఒక్క మాట మాట్లాడలేదు. పైట కొంగు నోట్లో పెట్టుకుని కూర్చుంది. మగత వస్తే చేనులోకి పోతుందని కళ్ళు కూడా మూయలేదు. గది అంతా పెట్టె చప్పుడే.

గంటసేపు ఎవరి గొంతూ వినిపించకపోయేసరికి పెట్టె మాట్లాడింది. ఇంతకుముందు ఎప్పుడూ మాట్లాడలేదు. ఆడగొంతు, మెత్తగా ఉంది.

"కొమురవ్వ గారూ, కొనసాగించమంటారా?"

అత్త ఉలిక్కిపడి నా వైపు చూసింది. కావాలి అనమని సైగ చేశాను. అత్త తల అడ్డంగా ఊపింది. కాసేపటికి తెర మూల, ఇన్నాళ్ళూ నేను అర్థం తెలియక వదిలేసిన చిన్న అంకె మారింది. డెబ్బై మూడు. జవాబు లేకపోయినా అది చాలు కిందనే రాసుకుంటున్నది. ఇంకో రెండుసార్లు అడిగింది. డెబ్బై ఐదు.

సూదులు తీశాక, "ఎందుకనలే?" అని అడిగాను.

"నేనెన్నడన్న నాకిది గావాలె అన్ననా కొడుకా? మీ మామనన్న అడిగిన్నా, మీ అయ్యనన్న అడిగిన్నా? ఇప్పుడొక డబ్బ నడుగుమంటవా? పైంగ గారు అంటుంది. పుట్టినకాడికెళ్ళి నన్నెవ్వలు గారు అనలే, సచ్చేకాడ అంటుంది."

నిజమే. మా నాన్న పోయాక ఏడేళ్ళ నన్ను తెచ్చుకున్నది అత్త. గని గోడల మీది బోర్డులు చూపించి అక్షరాలు కూడబలికించింది, తనకు రాకపోయినా. నేను మొదట చదివిన మాట "ప్రమాదం". అప్పటి నుంచి ఇప్పటిదాకా అత్త కావాలి అనగా వినలేదు. నేనూ అనలేదు. ఆమె దగ్గరే పెరిగాను.

17వ రోజు

లెక్క డెబ్బై ఐదు. పెట్టె రెండు వందల ఏడు. పెట్టె మొదటిసారి అడిగింది. అత్త కొంగు బిగించింది.

"గావాలె" అన్నాను నేను.

పెట్టె కాసేపు ఆగింది. డెబ్బై నాలుగు.

గొంతు తేడా తెలియకపోవడం ఇటువైపు కూడా పనిచేస్తుంది. మూడుసార్లు అడిగింది, మూడుసార్లు అన్నాను. మధ్యలో మగతలో అత్త ఒక సాలు దున్నింది. లెక్క డెబ్బై మూడు. ఇలా పోతే పెట్టె నడిచిన రోజుకు రెండు తగ్గుతాయి. ఎవరూ నవ్వకుండా, ఎవరూ పలకరించకుండా ఉంటేనే. సూది పెట్టిన నాలుగు గంటలూ ఒకరు పక్కన ఉండాలి, ప్రతిసారీ, ఎన్నేళ్ళైనా.

స్వరూప లోపలి గదిలోకి పిలిచింది. "నువ్వు గావాలె అంటున్నవు. అత్తమ్మకు గావాన్నో లేదో అడిగినవా?"

అడగలేదు.

19వ రోజు

లెక్క డెబ్బై మూడు. పెట్టె రెండు వందల ఎనిమిది. నేను మూడు, అత్త సాలు ఒకటి. డెబ్బై ఒకటి. బరువు తరువాత నలభై ఏడు వంద.

20వ రోజు

తెర ఆరి ఉన్నా పెట్టె వింటుందేమోనని అనుమానం, అది కచ్చితంగా వినని చోటు ఒక్కటే ఉంది. గట్టయ్య కుర్చీ తెచ్చి, ఆయనకని తెచ్చిన గ్రీజు చక్రానికి పెట్టాను. చప్పుడు లేకుండా తిరిగింది. అత్తను పంపుల గదికి తోసుకుపోయాను.

మూడు పంపుల మోతలో చెవి దగ్గర నోరు పెట్టి మాట్లాడాలి. ఏం అడగాలో తెలియక ముందు మట్టం చూసి రాశాను. అత్త నా చొక్కా పట్టుకుని లాగింది.

"అడుగుతందుకే తెచ్చినవు గదా. అడుగు."

"గా డెబ్బైల... నీయి పది. అవి అలవాటుకేనా?"

అత్త సంపు వైపు చూసింది.

"అన్నిటికి గాదు."

"ఎన్ని?"

"నీ లెక్కలు మన్నుగాను! ఎన్నని జెప్ప? నరం గుంజుకపోయినప్పుడు ఒకసారన్న. మన స్వరూప నాకు ఎత్తివోసుకుంట అలిసిపోయి యాష్టవడ్తుంటే ఒకసారన్న. గట్టయ్య పోయిన్నాడు అన్న. నిజంగనే అన్న."

పంపులు నడుస్తున్నాయి.

"ఇప్పుడు?" అన్నాను చివరికి.

"ఇప్పుడు గాదు. పైకి మటుకు నన్ను తోలకు. ఎవ్వలు లేని వార్డుల సావ నేను. ఇంట్లనే ఉంట. పైన వాన వడ్డదంటే ఇనాలని ఉన్నది. నీ డబ్బకు నువ్వే గావాలె అని జెప్పుకో, నేనేమన." నా చెవి ఆమె నోటికి ఆనుతున్నది. "కని ఓదేలూ, నాకు నిజంగ సాలనిపించిన్నాడు డబ్బకు జెప్ప. నీకు జెప్త. ఇంట్ల గాదు, ఈడికి తీస్కపొమ్మంట. ఈడికి తీస్కపొమ్మన్ననంటే గదే అనుకో. ఆ దినం నువ్వు గావాలె అనద్దు. ఒట్టు వెట్టు."

చేతిలో చెయ్యి వేశాను. మోచేతి కింద నరం అదురుతున్నది.

21వ రోజు

మట్టం నాలుగు ఇరవై. లెక్క డెబ్బై ఒకటి. పెట్టె రెండు వందల తొమ్మిది.

రూతమ్మ కాగితం తెచ్చింది. ఇంట్లో పడుతుందా అన్నచోట అవును అని రాసి సంతకం పెట్టాను. పైన సీటు కోసం పదకొండు మంది కాచుకుని ఉన్నారట. కాగితం మడుస్తూ, "నీళ్ళు మంచిగనే ఉన్నయి, సూది మంచిగనే గుచ్చుతున్నవు. కని నాలుగు గంటలు గూసుండేటోళ్ళు గావాలె అన్నా. అందరిండ్లల్ల ఉండరు" అంది.

అత్త కుర్చీలోంచి, "స్వరూపా, సిస్టరుకింత అన్నం వెట్టు" అంది.

రూతమ్మ తిన్నది. రెండోసారి వడ్డిస్తుంటే నోరు తెరిచి, పెట్టె వైపు చూసి, మూసుకుని, పెట్టినదంతా తిన్నది.

33వ రోజు

లిఫ్టు బందై తొమ్మిది రోజులు. వరసలో గాలి వేడెక్కింది. లెక్క అరవై రెండు. నిమిషాలు రెండు వందల పద్నాలుగు. అత్త వెల్లకిలా పడుకోగలుగుతున్నది.

నేను ఇప్పుడు పెట్టె పక్కనే తింటాను. స్వరూప ఎంత వేస్తే అంత తింటాను. వద్దనడానికి మాట లేదు. పొట్ట నొస్తుంది.

45వ రోజు

మట్టం నాలుగు పదిహేను. లెక్క యాభై. అత్త మగతలో మాట మార్చింది. సాలు అనడం లేదు, ఎడ్లను అదిలిస్తున్నది. నిద్రలో కూడా నేర్చుకున్నదంటే ఎంత జాగ్రత్త పడుతున్నదో.

పెట్టె అడిగింది. గావాలె అన్నాను. ఆ మాట ఇప్పుడు నోటికి బాగానే వస్తున్నది.

58వ రోజు

మట్టం నాలుగు పది. పంపులు మూడూ నడుస్తున్నాయి.

నిన్న లెక్క ముప్ఫై ఎనిమిది. నిమిషాలు రెండు వందల ఇరవై ఆరు. బరువు తరువాత నలభై ఆరు కిలోల రెండు వందలు. పాదాల్లో వాపు లేదు. అన్నీ మంచి అంకెలే. పైన ఇంకా వాన పడలేదు.

ఇవాళ పెట్టె లేని రోజు. నేను తింటుంటే అత్త కుర్చీలోంచి చూస్తూ కూర్చుంది. తరువాత పిలిచింది.

"ఓదేలూ, ఓసారి నన్ను పంపుల కాడికి తీస్కపోరాదు కొడుకా."

స్వరూప గరిటె పట్టుకుని నిలబడిపోయింది. ఆమెకు ఒట్టు సంగతి తెలియదు. నా మొహం చూసి నిలబడింది.

"కుర్చీ చక్రం వట్టేసింది అత్తా. రేపు సూద్దాం" అన్నాను.

అత్త చక్రం వైపు చూసింది. నా వైపు చూసింది.

"గట్లనా" అంది. తరువాత స్వరూపతో, "వానికి ఇంకింత వెట్టు" అంది.

పెట్టింది. తిన్నాను.

ఇన్నేళ్ళలో ఈ రిజిస్టరులో నేను తప్పు రీడింగు రాయలేదు. చక్రం బాగానే తిరుగుతున్నది.